సెట్టయిపోద్దండీ!

తెలుగునాట ఏ కారు షెడ్డుకెళ్ళినా ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "సెట్టయిపోద్దండీ." హైదరాబాదులో అయితే "సెట్ అయితది సార్, టెన్షన్ తీస్కోకున్రి" అంటారు. యాస మారుతుంది, భరోసా మారదు. వైపరు రబ్బరు నుంచి ఇంజను మౌంటు దాకా అన్నిటికీ ఇదే మంత్రం. వైపరు రబ్బరు విషయంలో నాకే పేచీ లేదు. సెట్టవకపోతే అద్దం మీద ఒక గీత మిగులుతుంది, అంతే. బ్రేకుల దగ్గర కూడా ఇదే మాట వాడతారు చూశారూ, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

నా గొడవేంటో ముందే చెప్పేస్తాను. బ్రేకుల్లో "పట్టింది" వేరు, "సరిపోయింది" వేరు. బోల్టు బిగిసింది, చక్రం తిరుగుతోంది, పెడలు తొక్కితే బండి ఆగింది. ఈ మూడూ నిజమైనా సరే, వేసిన సామాను ఆ బండికి తప్పు సామాను కావచ్చు. ఆ తప్పు షెడ్డు ముందు వీధిలో ఇరవై స్పీడులో కొట్టే ట్రయల్లో బయటపడదు. వానలో, అరవై డెబ్భైలో, రోడ్డు మీదకి గేదె వచ్చినప్పుడు బయటపడుతుంది.

గేదెని ఉదాహరణ కోసం తోలుకురాలేదు. నిజంగానే వచ్చింది.

మా నాన్నగారికి 2004 నాటి మారుతీ జెన్ ఉంది. ఆయన కాలేజీ లెక్చరరుగా రిటైరయ్యారు, ఆ కారు మాత్రం రిటైరవలేదు. 2023 ఆగస్టులో అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని విజయవాడ నుంచి బందరు వెళ్తున్నారు. సన్నగా వాన. కంకిపాడు దాటాక గేదె అడ్డమొచ్చింది. నాన్న గట్టిగా బ్రేకు తొక్కారు. గేదె క్షేమం. కారు మాత్రం తోక ఊపుకుంటూ గిర్రున తిరిగి, విజయవాడ వైపు మొహం పెట్టి ఆగింది. వెనకాల లారీ ఏదీ లేదు కాబట్టి ఈ టపా ఇంత తీరిగ్గా రాస్తున్నాను. ఉండుంటే అనే ఆలోచన ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఇప్పుడూ అప్పుడప్పుడు పట్టనివ్వదు.

"వాన కదరా, జారింది" అన్నారు నాన్న. టైర్లు ఆర్నెల్ల క్రితం వేయించినవి. జారడంలో ఆశ్చర్యం లేదు, జారిన పద్ధతిలో ఉంది. ముందు చక్రాలు బిగుసుకుపోతే కారు స్టీరింగు మాట వినకుండా తిన్నగా దూసుకుపోతుంది. అదీ ప్రమాదమే, కానీ మొహం ముందుకే ఉంటుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే తోక పక్కకి వస్తుంది, కారు తిరిగిపోతుంది. కారు తయారుచేసేవాడు నానా తంటాలు పడేదే ఈ రెండోది జరక్కుండా చూడ్డానికి. మరి జరిగిందేం?

ఆ వారాంతం ఊరెళ్ళి, వేరే మెకానిక్కుని బతిమాలి చక్రాలు నాలుగూ విప్పించాను. రెండు నెలల క్రితమే ఒక షెడ్డులో "బ్రేకులన్నీ కొత్తవి" వేయించారు నాన్న. ముందు చక్రంలోంచి ప్యాడు బయటికి లాగితే, వెనక ఉండే ఇనప రేకు చెవి మీద తళతళలాడుతూ గ్రైండింగు గీతలు! కాలిపర్ బ్రాకెట్టులో పట్టకపోతే చెవి అరగదీసి దూర్చారన్నమాట. అరగదీసినది కూడా సమంగా లేదు. ఒక వైపు బిగుతు, ఒక వైపు వదులు. ప్యాడు మందం ఈ చివరా ఆ చివరా కొలిస్తే రెండు నెలలకే తేడా కనపడింది. అంటే ప్యాడు డిస్కుకి సమాంతరంగా ఆనడం లేదు, వాలిపోయి ఒక మూలే రాసుకుంటోంది.

పాత సామాను ఎప్పుడూ పారెయ్యని మనిషి మా నాన్న. డిక్కీలో ప్లాస్టిక్ కవర్లో ప్యాడ్ల ఖాళీ పెట్టె, వెనక డ్రమ్ముల్లోంచి తీసిన పాత వీల్ సిలిండర్లు భద్రంగా ఉన్నాయి. పెట్టె మీద నాలుగు కార్ల పేర్లు అచ్చేసి ఉన్నాయి. జెన్ వాటిలో లేదు. పక్కన బాల్‌పెన్నుతో "జెన్" అని రాసుంది. ఇంత పెద్ద కార్ల కంపెనీ, దానికింతమంది ఇంజనీర్లు, టెస్ట్ ట్రాకులు... వీటన్నిటినీ ఒక బాల్‌పెన్ను కొట్టిపారేసింది. ఇక పాత వీల్ సిలిండరు మీద పోతపోసిన సైజు, కొత్తదాని మీద సైజు వేరువేరుగా ఉన్నాయి. కొత్తది పెద్దది. అయినా అదే బోల్టులతో బిగిసింది, అదే పైపు పట్టింది, ఆయిలు కారలేదు. సెట్టయిపోయింది!

పాత షెడ్డుకెళ్ళి అడిగాను. గొడవ పెట్టుకోడానికి కాదు, తెలుసుకోడానికే. (సరే, కొంచెం గొడవకే.)

"ఏం కాదు బాబూ, ఇరవయ్యేళ్ళ నుంచి వేస్తున్నాం. పెద్ద సిలిండరైతే బ్రేకు ఇంకా గట్టిగా పడుద్ది. మాస్టారికి మంచిదనే వేశాం."

ఈ మనిషి మోసగాడు కాదు. అదే నా బాధ. మోసమైతే పోలీసు స్టేషనుంది. ఇది నమ్మకం. "గట్టిగా పడితే మంచిదే" అనే నమ్మకం షెడ్డులో ఉంది, కౌంటర్లో ఉంది, మా ఆఫీసులో కంపైలర్ హెచ్చరిక ఒక్కటి వస్తే మూతి ముడిచే మహానుభావుల్లో కూడా ఉంది. కాబట్టి ఈ నమ్మకం సంగతేదో చూద్దాం.

బ్రేకు తొక్కగానే కారు బరువు ముందుకి వాలుతుంది. బస్సులో నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలినట్టే. ముందు చక్రాల మీద భారం పెరుగుతుంది, వెనక చక్రాల మీద తగ్గుతుంది. భారం తగ్గిన చక్రం తేలిగ్గా బిగుసుకుపోతుంది. అందుకే వెనక బ్రేకులకి తక్కువ పని చెప్పాలి. ఏబీఎస్ లేని పాత కార్లలో చాలావాటికి ఈ పంపకం కోసం ఒక చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని ప్రపోర్షనింగ్ వాల్వు అంటారు. పెడలు ఒక హద్దు దాటి తొక్కితే, ఆపైన వెనక్కెళ్ళే ఒత్తిడి పెరుగుదలకి అది కోత పెడుతుంది.

సాఫ్ట్‌వేరు జనాలకి ఇక్కడ చెవులు నిక్కబొడుచుకోవాలి. ఆ వాల్వుకి మీ ప్యాడ్లు ఎలాంటివో తెలీదు. మీ వీల్ సిలిండరు సైజెంతో తెలీదు. ముందు ఫలానా ఘర్షణ, వెనక ఫలానా వైశాల్యం ఉంటాయని డిజైను చేసిన రోజున అనుకున్న లెక్కని దాని స్ప్రింగులో ఇరికించేశారు. కోడ్‌లో అంకె నేరుగా రాసెయ్యడం అంటే ఇదే. మీరు ముందు ప్యాడు మార్చినా, వెనక సిలిండరు మార్చినా ఆ అంకె మారదు, ఎర్రర్ కూడా రాదు. తప్పు జవాబు మాత్రం వస్తుంది.

ఎంత తప్పు? ఉదాహరణకి వీల్ సిలిండర్లలో 11/16 అంగుళం, 3/4 అంగుళం అని రెండు మామూలు సైజులున్నాయి. చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు, మధ్యలో ఉన్నది అంగుళంలో పదహారో వంతే. కానీ ఒత్తిడి పనిచేసేది పిస్టను వైశాల్యం మీద, వైశాల్యం పోయేది వ్యాసం వర్గాన్ని బట్టి. లెక్కేస్తే పెద్దది దాదాపు 19 శాతం ఎక్కువ బలంతో షూని నెడుతుంది. పైగా అది డ్రమ్ము బ్రేకు. డ్రమ్ములో ముందువైపు షూని తిరిగే డ్రమ్మే ఇంకా లోపలికి లాక్కుంటుంది. అందువల్ల అక్కడ చిన్న మార్పు కూడా పెద్దదై కూర్చుంటుంది. అంటే "మాస్టారికి మంచిదనే" వేసిన సిలిండరు వెనక చక్రాల్ని గట్టిపరిచింది. మరి ముందు?

ముందు వేసిన ప్యాడు అంచు మీద ఓ గొలుసుకట్టు నంబరు, దాని చివర "ఈఈ" అని రెండక్షరాలు ఉన్నాయి. అమెరికన్ ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన ఘర్షణ కోడు అది. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా కాలినప్పుడు. ఈ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 మధ్య, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఈ అంకెల్ని చిన్న ముక్క మీద ప్రయోగశాలలో కొలుస్తారు, మీ కారు మీద కాదు. కాబట్టి ఎఫ్ఎఫ్ ఉంటే గొప్ప ప్యాడు, ఈఈ ఉంటే చెత్త ప్యాడు అని తీర్పు చెప్పకండి. కానీ ఈ, ఎఫ్ మధ్యలో 0.30, 0.40 తీసుకుంటే అదే తొక్కుడుకి ముందు బ్రేకు పావు వంతు తగ్గినట్టే. ముందు తక్కువ పట్టే ప్యాడు, అది కూడా వాలిపోయి ఒక మూలే ఆనుతూ. వెనక ఎక్కువ నెట్టే సిలిండరు. పైన వాన. ఇంకేం కావాలండీ తోక తిరగడానికి?

ఇదే కారణమని కోర్టులో నిరూపించలేను. గేదె సాక్ష్యం చెప్పదు. కానీ ముందు వెనక పొందిక తప్పిన బండి వానలో ఎలా ప్రవర్తించాలో అచ్చం అలాగే ప్రవర్తించింది.

2019 ఏప్రిల్ నుంచి మన దగ్గర అమ్మే ప్రతి కొత్త కారుకీ ఏబీఎస్ ఉండాల్సిందే. ఆ కార్లలో ఇలాంటి తప్పుని ఏబీఎస్ కొంత కాచుకుంటుంది. చక్రం బిగుసుకోబోతుంటే పట్టు సడలిస్తుంది. పాత కారుకి ఆ కాపు లేదు. "పాత బండే కదా, ఏదోటి వేసెయ్" అనే మాట తలకిందులుగా ఉందని అందుకే అంటున్నాను. ఏదోటి వేస్తే కొంతవరకైనా సర్దుకోగలిగేది కొత్త బండి. పాత బండికి ఆ సర్దుబాటు చేతకాదు.

ఇప్పుడు పేర్ల గోల. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న "ఏ బండి?" మనం "జెన్" అంటాం. ఏ జెన్? 1993లో వచ్చి 2006లో ఆగిపోయిన జెన్ ఒకటి. అదే 2006 చివర్లో "జెన్ ఎస్టిలో" అని వచ్చింది ఇంకొకటి. దానికీ దీనికీ పేరులో చుట్టరికమే, ఒంట్లో అది వేగన్ ఆర్ తోబుట్టువు. "ఎనిమిదొందలు" అంటే పాత మారుతీ 800 కావచ్చు, 2012లో వచ్చిన ఆల్టో 800 కావచ్చు. శాంత్రో అంటే 1998 నాటిది ఉంది, 2003 జింగ్ ఉంది, 2018లో అదే పేరుతో మళ్ళీ పుట్టింది ఉంది. హోండా సిటీకి ఎన్ని జన్మలో మీరే లెక్కేసుకోండి. పేరు అమ్మకాల విభాగం వాడిది. బ్రేకుకి పేరుతో పనిలేదు. ఒకే మోడల్లో కూడా ఏడాది మధ్యలో కాలిపర్ సరఫరా చేసే కంపెనీ మారితే ప్యాడు ఆకారం మారిపోతుంది. కేటలాగుల్లో "ఫలానా ఛాసిస్ నంబరు దాకా", "ఫలానా నంబరు నుంచి" అని రాసేది అందుకే. అది చదివే ఓపిక లేనివాడి చేతిలోకి గ్రైండింగు మిషను వస్తుంది.

అలాగని "ఆ కారు పేరు ఉన్న పెట్టే కావాలి" అని పంతం పట్టడమూ తెలివి కాదు. సుజుకీ పార్ట్ నంబరు చూడండి. మొదటి ఐదంకెలు అది ఏ వస్తువో చెప్తాయి. తర్వాతి ముక్క ఆ వస్తువుని మొదట ఏ మోడలు కోసం గీశారో చెప్తుంది. కాబట్టి ఒక కారు కోసం గీసిన ప్యాడు ఇంకో కారు పుస్తకంలోనూ దర్జాగా ఉండొచ్చు. అలా ఉంటే నాకేం అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ మాట అన్నది లెక్క వేసినవాడు. నా అభ్యంతరమల్లా లెక్క వెయ్యనివాడు కంటితో కొలిచి అనడం మీద.

ఈపాటికి రెండు రకాల జనాలు లేచి నిలబడి ఉంటారని నాకు తెలుసు.

మొదటి రకం: "అందుకే కంపెనీ సర్వీస్ సెంటర్ తప్ప ఎక్కడా చేయించకూడదు." అయ్యా, 2006లో ఆగిపోయిన కారుకి కంపెనీ సామాను అన్నీ ఎప్పుడూ దొరకవు. సర్వీస్ సెంటర్లో "స్టాకు లేదు" అని చెప్పాక మీ సలహా ముగిసిపోతుంది, నాన్నగారి కారు మాత్రం రోడ్డు మీదే ఉంటుంది. పైగా కార్ల కంపెనీలు ప్యాడ్లు సొంతంగా పొయ్యిలో కాల్చవు. రాణే, బ్రేక్స్ ఇండియా, అలైడ్ నిప్పన్ లాంటివాళ్ళు కార్ల కంపెనీలకీ సరఫరా చేస్తారు, తమ పేరుతో బయటా అమ్ముతారు. వాళ్ళ కేటలాగులో మన బండి నంబరు పట్టుకుని కొనుక్కోవడం అప్రదిష్ట కాదు. అలాగని పేరొక్కటి చూసి కొనడం కూడా కుదరదు, ఒకే కంపెనీ రకరకాల రేట్లకి రకరకాల మిశ్రమాలు చేస్తుంది. నకిలీ పెట్టెల బెడద సరేసరి. ఊరూ పేరూ ఉన్న డీలరు దగ్గర బిల్లు తీసుకుని కొనండి. బిల్లు ఇవ్వనంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి.

రెండో రకం మా అమెరికా బంధువులు. "మా దగ్గర ఇలాంటివి జరగవు, అన్నిటికీ స్టాండర్డ్ ఉంటుంది." అన్నయ్యా, నీ దగ్గర బ్రేకు గొట్టాలకి ఉంది, బ్రేకు ఆయిలుకి ఉంది. కొత్త కారు ఎంత దూరంలో ఆగాలో చెప్పే ఫెడరల్ ప్రమాణమూ ఉంది. కానీ నువ్వు ఆదివారం గరాజులో మార్చుకునే ప్యాడు ఇంత పట్టాలి అని చెప్పే ఫెడరల్ ప్రమాణం లేదు. కారు ఏడాదీ మోడలూ ఇంజనూ అడిగే వెబ్‌సైటు ఉంది, అది మా బాల్‌పెన్ను కన్నా వెయ్యి రెట్లు నయం, ఒప్పుకుంటాను. ఆపైన అది చూపించే పన్నెండు రకాల్లో నువ్వు ఎంచుకునేది రేటు చూసే కదా?

ఈ విషయంలో యూరప్ వాళ్ళది సబబైన పద్ధతి అనిపిస్తుంది నాకు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఆర్ 90 అని ఒకటుంది. దాని ప్రకారం బదులు ప్యాడు పనితనాన్ని అసలు ప్యాడుతో పోల్చి పరీక్షించాలి, తేడా 15 శాతం లోపు ఉండాలి. గమనించారా, "ఎంత గట్టిగా పడితే అంత మంచిది" అనలేదు. మరీ తక్కువ పట్టినా తప్పే, మరీ ఎక్కువ పట్టినా తప్పే. మన షెడ్డు నమ్మకానికి ఇది సూటిగా ఎదురు. పాసైన ప్యాడు మీద వలయంలో ఈ అక్షరం, పక్కన దేశం అంకె, 90ఆర్ తో మొదలయ్యే నంబరు ఉంటాయి. యూరప్‌కి ఎగుమతి చేసే మన కంపెనీలు ఆ పరీక్షలు చేయించుకుంటూనే ఉన్నాయి. జర్మనీవాడి ఫోక్స్‌వ్యాగన్‌కి ఇచ్చే మర్యాద బందరు రోడ్డు మీది జెన్‌కి ఎందుకివ్వరని అడిగే హక్కు మనకుంది. అడగం. సెల్‌ఫోను కొనేముందు ప్రాసెసరు, బ్యాటరీ, గాజు గట్టితనం దాకా నలభై వీడియోలు చూసే మనం, తొమ్మిదొందల కేజీల ఇనుముని ఆపే వస్తువు గురించి "ఎంతవుద్ది?" తప్ప రెండో ప్రశ్న వెయ్యం.

ప్రభుత్వం సంగతంటారా, పాత కారంటే దానికి గుర్తొచ్చేది ఫీజు. రిజిస్ట్రేషను పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 అయింది, ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ముసలి బండి మీద పన్ను వేస్తే వేశారు, ఆ బండిలో పడే ప్యాడు పెట్టె మీద బాల్‌పెన్ను రాతలు చెల్లవని కూడా ఒక ముక్క చెప్పొచ్చు కదా.

ఆయిలు గురించి చెప్పకపోతే వృత్తిధర్మం తప్పినట్టవుతుంది, ఎందుకంటే ప్రపంచంలోకెల్లా దరిద్రమైన వెర్షన్ నంబర్లు బ్రేకు ఆయిలువే. డాట్ 3, డాట్ 4 ఒక జాతి, గ్లైకాల్. కలిసినా కొంప మునగదు. తాజా డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక అవి 140కీ 155కీ పడిపోతాయి. ఆయిలు మార్చమనేది అందుకే. డాట్ 5 వేరే జాతి, సిలికాన్. పై రెండిట్లో కలవదు. మరి డాట్ 5.1? ఐదు తర్వాత చిన్న సవరణేమో అనుకుంటారు కదా! కాదు, అది మళ్ళీ గ్లైకాలే. నాలుగుతో కలుస్తుంది, ఐదుతో కలవదు. ఈ పేర్లు పెట్టిన కమిటీలో కూర్చున్నవాడు మా కంపెనీలో ఉండుంటే ప్రొడక్షను దరిదాపులకి రానిచ్చేవాణ్ణి కాదు. సరే, కారు డబ్బా మూత మీద ఏది రాసుంటే అది పోయండి. ఇంజనాయిలో పవర్ స్టీరింగాయిలో పొరపాటున కూడా పోయకండి, లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి.

డిస్కులు, డ్రమ్ముల దగ్గర కూడా ఇదే సెట్టింగు జబ్బు. "లేత్ పట్టిద్దాం సార్, కొత్తదైపోద్ది." డిస్కు మీద ఎంతకంటే పలచబడకూడదో, డ్రమ్ము మీద ఎంతకంటే వెడల్పవకూడదో పోతలోనే చెక్కి ఉంటుంది. లేత్ పట్టాక కొలిచారా అని అడగండి. కొలిచే వర్నియర్ షెడ్డులో ఉందా అని ముందడగండి. హద్దు దాటి తొలిచిన డ్రమ్ములో మామూలు షూ వేస్తే మధ్యలో మాత్రమే ఆనుతుంది, చివర్లు గాల్లో ఉంటాయి.

ఇంకో మాట, ఇది కార్ల గురించి కాదు. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గొట్టం పెట్టి బూడిద ఊదేస్తారు. ఊదేది ఎప్పుడూ షెడ్డులో అందరికన్నా చిన్న కుర్రాడే, మొహానికి గుడ్డ కూడా ఉండదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మన దేశం దాన్ని పూర్తిగా నిషేధించలేదు. పెట్టె మీద ఆస్బెస్టాస్ లేదని రాసున్నవే కొనండి, ఊదొద్దు తడిగుడ్డతో తుడవమని చెప్పండి. నవ్వుతారు. నన్ను చూసీ నవ్వారు.

మరి నన్నేం చెయ్యమంటావురా అంటారా? నేను చేసింది చెప్తాను. పాత సామాను చూపించి "ఇలాంటిది" అని అడగడం మానేశాను, ఆ పాతదే తప్పు కావచ్చు గనక. ఛాసిస్ నంబరు కాగితం మీద రాసుకెళ్ళాను. దాంతో పార్ట్ నంబరు తీయించి, ఆ నంబరుకి ఎదురుగా ఎవరి కేటలాగులో ఏముందో అడిగాను. ముందు ప్యాడ్లు జతగా, వెనక సిలిండర్లూ షూలూ రెండు వైపులా ఒకేసారి. ఎడమ ఒకటి కుడి ఒకటి వేరే రకమైతే బండి పక్కకి లాగుతుంది. బిగించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. గ్రైండింగు మిషను ప్లగ్గు పీకేసి ఉండాలన్నది నా ఒకే షరతు. పట్టకపోతే వెనక్కిచ్చేద్దాం, అరగదియ్యొద్దు. మెకానిక్ ముసలాయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "మీరన్నదే రైటండీ, కానీ ఇట్టా అడిగేవాళ్ళు ఏడాదికొకళ్ళు కూడా రారు. మిగతావోళ్ళు సాయంత్రానికి బండి కావాలంటారు" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సాయంత్రానికి బండి కావాలన్నవాళ్ళలో మా నాన్న కూడా ఉన్నారు. ఆ షెడ్డులో ఆయన అడిగింది అదే.

సరైన వీల్ సిలిండర్లు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. విజయవాడ ఆటోనగర్లో ఆరు కౌంటర్లు తిరిగాను, నాలుగు చోట్ల "ఇదేసుకోండి, సెట్టయిపోద్ది" అని వేరేది చేతిలో పెట్టారు. తొమ్మిది రోజులూ కారు దిమ్మల మీద నిలబడే ఉంది. బిగించాక ఎండలో, ఖాళీ రోడ్డు చూసుకుని, ముప్ఫై నుంచి మొదలెట్టి పెంచుకుంటూ పదిసార్లు ఆపి చూశాం. తిన్నగా ఆగింది. ఆ తర్వాత వాన పడ్డ రోజు నాన్న ఒక్కరే తీసుకెళ్ళి చూసొచ్చారు, నాకు చెప్పకుండా.

అమ్మ మాత్రం మూడు నెలలపాటు బందరుకి బస్సులోనే వెళ్ళింది. నాన్న జెన్ వేసుకుని ఆ బస్సు వెనకాలే వెళ్ళేవారట.